కొలెస్ట్రాల్: రిపోర్టు బాగుందని మాత్ర ఆపొచ్చా?

కొలెస్ట్రాల్ పెరిగితే ఒంట్లో ఏ నొప్పీ ఉండదు. చిక్కంతా ఇక్కడే. రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగిన సంగతి చాలామందికి లిపిడ్ ప్రొఫైల్ పరీక్షలోనే బయటపడుతుంది.

రిపోర్టులో ముందు చూడాల్సింది ఎల్‌డీఎల్. మామూలుగా ఇది 100 లోపు ఉంటే మంచిది. 160 నుంచి ఎక్కువ, 190 దాటితే చాలా ఎక్కువ. గుండెపోటు వచ్చినవారికి, స్టెంట్ వేసినవారికి 70 కంటే కిందికి, కొందరికి ఇంకా తక్కువకు తేవాలని డాక్టర్లు చెబుతారు. షుగర్, బీపీ, సిగరెట్, వయసు కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి పక్కింటివారి రిపోర్టుతో పోల్చుకుని లాభం లేదు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ఆ పరీక్ష కూడా అడగాలి.

ఎక్కువగా రాసే మందులు అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్. ఇవి లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తాయి. మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పుడు అంకె తగ్గిందని చాలామంది మాత్ర ఆపేస్తారు. అంకె తగ్గిందంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. ఆపితే కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. కండరాల నొప్పులు వస్తే డాక్టర్‌కు చెప్పాలి. డోసు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. నొప్పులతో పాటు మూత్రం ముదురు రంగులో వస్తే ఆలస్యం చేయకూడదు. గర్భం కోసం చూస్తున్న మహిళలు ఆ మాట ముందే చెప్పాలి.

రంజాన్‌లో ఈ రెండు మందుల వల్ల రోజాకు ఇబ్బంది లేదు. రోజులో ఏ వేళకైనా వేసుకోవచ్చు కాబట్టి ఇఫ్తార్ తర్వాతో, సెహ్రీలోనో పెట్టుకోవచ్చు. షుగర్ మందుల సంగతి వేరు, వాటికి రంజాన్‌కు ముందే డాక్టర్ సలహా తీసుకోవాలి. హకీం ఇచ్చిన దవా గానీ, వేరే జబ్బుకు యాంటీబయాటిక్ గానీ వాడుతుంటే మందుల షాపులో ఫార్మసిస్టుకు కూడా చెప్పాలి. కొన్ని మందులు స్టాటిన్‌తో పడవు. కలోంజీ, వెల్లుల్లి తింటున్నాం కదా అని మాత్ర మానేయడం మాత్రం ప్రమాదం.

డైటీషియన్ దగ్గరికి పేషెంటు ఒక్కరే వెళ్తే సగం పనే అవుతుంది. ఇంట్లో వంట చేసేవారూ వెళ్లాలి. హలీం మీద నెయ్యి, నిహారీ మీద తేలే నూనె, భేజా, డాల్డా, సమోసాలు వేయించి మళ్లీ వాడే నూనె... ఇవన్నీ అక్కడ మాట్లాడుకోవాల్సినవే. తీపి షర్బత్‌లు, మైదా రొట్టెలు ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. దావత్‌లో ఒకరోజు తిన్నదానికంటే ఇంట్లో రోజూ వాడే నూనె ఎక్కువ లెక్క.

కొన్ని కుటుంబాల్లో కొలెస్ట్రాల్ పుట్టుకతోనే ఎక్కువ. తండ్రికో అన్నకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పాలి. దగ్గరి సంబంధాల పెళ్లిళ్లలో తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ లోపం బిడ్డకు వస్తే జబ్బు చిన్నతనంలోనే తీవ్రమవుతుంది. మోచేతులు, మోకాళ్ల దగ్గర పసుపు రంగు గడ్డలు దానికి ఒక గుర్తు. అలాంటి ఇళ్లలో పిల్లలకూ రక్తపరీక్ష చేయించాలి.