పేరాలో అసలు మాట: బళ్లారి నివేదిక నుంచి హొళగుంద బడి దాకా

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అప్పటి బళ్లారి జిల్లా చాలా పెద్దది. ఇప్పటి అనంతపురం సీమ, ఆదోని, ఆలూరు అన్నీ అందులోవే. ఇప్పటి హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండ చుట్టుపక్కల పల్లెలూ అందులోవే. బడులెన్ని, పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు అని గవర్నరు థామస్ మన్రో అంతకుముందు ఏడాది అడిగిన ప్రశ్నకు అది జవాబు. 9,27,857 మంది ఉన్న జిల్లాలో బడులు 533, చదువుకునేవాళ్లు 6,641. వాళ్లలో ఆడపిల్లలు 60 మంది. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఇంగ్లీషు చెప్పే బడి ఒక్కటే.

ఈ లెక్కలను చాలామంది ప్రస్తావించారు. నన్ను ఆపేది వాటి పక్కనే క్యాంబెల్ పెట్టిన ఫిర్యాదు. పిల్లలు పద్యాలకు పద్యాలు తడబడకుండా అప్పజెబుతారు, వాటి అర్థం మాత్రం వాళ్లకు తెలియదు; పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు; పంతుళ్లలోనూ చాలామంది అర్థం విడమర్చి చెప్పలేరు, అన్నది దాని సారం. ఇది తెలుగు రాని దొర చెప్పిన మాట కాదు. 1816లో తెలుగు వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు రాసిన మనిషి చెప్పింది. చదవడం ఒకటి, చదివినదాంట్లో అసలు మాట పట్టుకోవడం ఇంకొకటి అని ఈ ప్రాంతపు బడుల గురించి కాగితం మీద పెట్టిన తొలినాటి పరిశీలనల్లో ఇదొకటి. ఇంగ్లీషు పేరాల దగ్గర మన పిల్లలు ఈరోజుకీ తడబడుతున్న చోటు సరిగ్గా అదే.

అసలు మాట పట్టే విద్య మనకు లేనిదేమీ కాదు. ఒక గ్రంథం ఏం చెప్పదలచుకుందో తేల్చడానికి మీమాంసకులు ఆరు గుర్తులు పెట్టుకున్నారు. మొదలూ తుదీ ఏ మాటను పట్టుకున్నాయి, నడుమ మళ్లీమళ్లీ వస్తున్నదేది, ఇక్కడ తప్ప మరెక్కడా దొరకని కొత్త సంగతేది, దానివల్ల కలిగే ఫలమేమిటి, పొగడ్తగానో కథగానో అతికించింది ఏది, యుక్తి ఎటు మొగ్గుతోంది. నేటి రీడింగ్ పుస్తకాలు చెప్పే కిటుకుల్లో సగానికి పైగా ఇందులో ఉన్నాయి. అయితే ఆ పద్ధతి పండితుల అరుగులు దాటి వీధిబడికి రాలేదు. వీధిబడికి దక్కింది వల్లెవేత ఒక్కటే.

ఇంగ్లీషు వచ్చాక వల్లెవేతకు కొత్త సరుకు దొరికింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి, మెట్రిక్యులేషన్ పరీక్ష ఉద్యోగానికీ పైచదువుకూ గడప అయింది. బళ్లారిలో లండన్ మిషన్ వాళ్లు నడిపిన వార్డ్‌లా హైస్కూలు వంటి చోట్ల దత్తమండలాల (సీడెడ్ జిల్లాల) పిల్లలు ఇంగ్లీషు వచనం చదివారు. చదివింది పరీక్ష కోసం. పాఠానికి తాత్పర్యం ఫలానా అని ఎవరో రాసిపెట్టిన నోట్సు ఉంటే, ఆ తాత్పర్యాన్నే బట్టీ పట్టారు. పద్యానికి బదులు పద్యసారాన్ని కంఠతా పట్టడమన్నమాట. దాదాపు అదే కాలంలో, 1866లో, స్కాట్లాండులో అలెగ్జాండర్ బెయిన్ తన రచనాశాస్త్ర పుస్తకంలో పేరా ఎలా ఉండాలో నియమాలు పెట్టాడు. మొదటి వాక్యమే విషయాన్ని చూపించాలి, మిగతావి దాన్ని నిలబెట్టాలి అన్నాడు. ఇంగ్లీషు బడి పేరా ఆ అచ్చులో పడింది. మన పిల్లలు ఆ పేరాలు చదివారు కానీ, వాటికి అలాంటి కట్టడం ఒకటుందని చెప్పినవాళ్లు తక్కువ.

చదువు భాషకూ పలుకు భాషకూ మధ్య క్యాంబెల్ చూపిన అగాధం ఎనభై ఏళ్ల తర్వాత ఉత్తర కోస్తాలో మళ్లీ చర్చకు వచ్చింది. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఏ. యేట్స్, బడిలో చెప్పే తెలుగు బజార్లో ఎవరూ ఎందుకు మాట్లాడరని అడిగాడు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్లు ఆ ప్రశ్నను ఉద్యమం చేశారు. 1909లో శ్రీనివాస అయ్యంగార్ దేశభాషల పక్షాన పుస్తకమే రాశారు. ఆ వ్యావహారిక భాషా ఉద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో చదువుకుంటాం. దాని పుట్టుక మాత్రం తరగతి గదిలో. తనకు తెలిసిన మాటల్లో భావం చెప్పుకోలేని పిల్లవాడికి పరాయి భాషలో భావం ఎలా అందుతుందన్నదే అక్కడి మూలప్రశ్న.

ఇంగ్లీషు వైపు నుంచి ఆ ప్రశ్నను సూటిగా పట్టుకున్నవాడు ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్. 1926లో ఆయన బెంగాల్ పిల్లల ద్విభాషా చదువు మీద పెద్ద నివేదిక వెలువరించాడు. మధ్యలో బడి మానేసే పిల్లలే ఎక్కువ కాబట్టి, వాళ్ల చేతిలో మిగిలే విద్య ఏదో ముందు చూడాలన్నాడు. మాట్లాడటం కంటే, రాయడం కంటే, మౌనంగా చదివి అర్థం చేసుకోవడమే అలా మిగిలేదని తేల్చాడు. తక్కువ మాటలతో రీడర్లు తయారు చేశాడు. ముందు ప్రశ్న ఇచ్చి, దానికి జవాబు వెతుకుతూ చదవమన్నాడు. సుగ్గి (కోతల) కాలంలో తల్లిదండ్రులతో పాటు వలసపోయి, తిరిగొచ్చేసరికి పాఠాలు దాటిపోయే కోసిగి, హొళగుంద పిల్లలను చూసినవాళ్లకు వెస్ట్ మాట ఎంత నిజమో తెలుస్తుంది. వందేళ్లు కావస్తున్నా ఆ మాటకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

స్వాతంత్ర్యం తర్వాత సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుంచి విడిపోయి కర్నూలు వైపు వచ్చాయి. 1950లలో వాక్య నిర్మాణాలను ఒకదాని తర్వాత ఒకటి నేర్పే పద్ధతి మద్రాసు నుంచి దక్షిణమంతా పాకింది. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ వెలిసింది. ఇప్పటి ఇఫ్లూ అదే. నిర్మాణాలు నేర్పే ఆ ఉత్సాహంలో పిల్లవాడు వాక్యం దాకా వచ్చాడు, పేరా దాకా రాలేదు. దీన్ని మార్చాలని చూసినవాడు ఎన్.ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో ఆయన బృందం వ్యాకరణ పాఠాలు పక్కనపెట్టింది. రైళ్ల టైంటేబుల్, ఊరి పటం లాంటివి చేతికిచ్చి లెక్క తేల్చమంది. అర్థం మీద మనసు పెడితే భాష దానంతటదే వస్తుందన్నది ప్రభు నమ్మకం. ఆయన పుస్తకం 1987లో వచ్చింది. ప్రపంచమంతా దాన్ని చదివింది.

మన పరీక్షలు మాత్రం వేరే దారి పట్టాయి. సివిల్స్ మెయిన్స్ ఇంగ్లీషు అర్హత పేపరులో కాంప్రహెన్షన్‌కు 75 మార్కులు, ప్రెసీకి 75 మార్కులు. 2011లో ప్రిలిమ్స్‌లో సీశాట్ వచ్చాక పేరా సారం ఏమిటో నాలుగింట్లో ఒకటి గుర్తుపట్టమనడం మామూలైంది. ఆ పేరాలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటాయి, తెలుగులో ఉండవు. ఎమ్మిగనూరులో తెలుగు మీడియం చదివి వచ్చిన అభ్యర్థి, ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులోనే సారం పోల్చుకోవాలి. పదేళ్లు బడిలో ఆ పని ఎలా చెయ్యాలో ఎవరూ చూపించకుండా, చివర్లో ఆ పనికే మార్కులు పెట్టడం అన్యాయం. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమెరికాలోని పరీక్షల సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని సర్కారు బడులకు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష తెచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని పక్కన పెట్టారు. దాని ధర, రాజకీయం ఎలా ఉన్నా, ఈ పేరా ముఖ్యంగా దేని గురించి అన్న ప్రశ్న పల్లెబడిలోకి వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి మాత్రం వెంట రాలేదు.

ఆ పద్ధతి ఎలా ఉండాలో చూడటానికి ఐదు వాక్యాల ఇంగ్లీషు పేరా ఒకటి ఊహించుకుందాం. ఒకటి: హొళగుంద మండలం దేవరగట్టు కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి గుడి ఉంది. రెండు: దసరా రాత్రి స్వామి కల్యాణం చేసి, ఉత్సవ విగ్రహాలతో జైత్రయాత్ర సాగిస్తారు. మూడు: ‘బన్ని’ అనే ఈ ఉత్సవంలో దివిటీల వెలుగులో వేలమంది కర్రలతో తోసుకొస్తారు, తలలు పగులుతాయి. నాలుగు: పోలీసు బందోబస్తు, వైద్య శిబిరం ఏటా పెడతారు. ఐదు: అయినా నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లకు దేవుణ్ణి కాపాడుకోవడం తాతలనాటి బాధ్యత కాబట్టి బన్ని ఆగడం లేదు. దీనికి పేరు పెట్టమంటే ఎక్కువమంది పిల్లల చెయ్యి దెబ్బల వైపే పోతుంది. రక్తం, తల, కర్ర తెలిసిన మాటలు. కళ్లకు కట్టే మాటలు. ఐదో వాక్యం మొదట్లో ఉన్న ‘అయినా’ అనే చిన్న మాట కనపడదు. పేరా మలుపు తిరిగింది అక్కడే. మూడూ నాలుగూ దాన్ని నిలబెట్టే వాక్యాలు. మీమాంసకుల లెక్కలో అతికించిన భాగం. బెయిన్ చెప్పినట్టు మొదటి వాక్యంలోనే విషయం ఉంటుందని నేర్చుకున్న పిల్లవాడు గుడి దగ్గరే ఆగిపోతాడు, అతనిదీ తప్పే. మలుపు మాట వెతకమని చెప్పే మేష్టారు ఉంటే ఇద్దరూ ఒడ్డున పడతారు.

ఇది తెలుగు పిల్లల తంటా మాత్రమే కాదు. కొరియా భాషలోనూ మనలాగే క్రియ చివరన వస్తుంది. ఒక్కో వాక్యంలో బరువైన మాట తుదకు చేరుతుంది. ఇంగ్లీషు ముందే చెప్పేసి వివరాలను వెనక తగిలిస్తుంది. అందుకే వెనకున్న వివరమే ముఖ్యమని మనమూ వాళ్లూ పొరబడతామని నా అనుమానం. అమెరికన్ పరిశోధకుడు జాన్ హైండ్స్, జపాన్, కొరియా వంటి చోట్ల రచయిత అసలు మాటను ఆలస్యంగా చెప్పి, కలుపుకునే పని పాఠకుడికి వదిలేస్తాడని రాశాడు. కొరియాలో 1993లో మొదలైన కళాశాల ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు పేరాల ముఖ్యభావానికి ప్రత్యేకంగా ప్రశ్నలున్నాయి. వాటిలో నేర్చుకోదగ్గ సంగతి ఒకటుంది. ప్రశ్నలన్నీ కొరియా భాషలోనే ఉంటాయి. పేరా ఇంగ్లీషులో ఇచ్చి, సారాంశం ఏదో ఎంచుకునే ఐదు జవాబులను కొన్ని ప్రశ్నల్లో కొరియా భాషలోనే ఇస్తారు. విషయం, శీర్షిక అడిగే ప్రశ్నల్లో మాత్రం జవాబులు ఇంగ్లీషులో ఉంటాయి. అంటే ముందు అర్థమైందో లేదో సొంత భాషలో చూసి, తర్వాత ఇంగ్లీషుకు వెళ్తారు. వాళ్లకూ వల్లెవేత బెడద తప్పలేదు. ప్రభుత్వ విద్యా ప్రసార సంస్థ ఈబీఎస్ పుస్తకాల్లోని పేరాలే పరీక్షకు వస్తాయని తెలిసి, పిల్లలు వాటి కొరియా అనువాదాలను బట్టీ పట్టారు. దాంతో ముఖ్యభావం ప్రశ్నలకు ఆ పేరాలను నేరుగా వాడటం మానుకోవాల్సి వచ్చింది.

మన పదో తరగతి ఇంగ్లీషు పేపరులోనూ ఒక్క ప్రశ్నకైనా తెలుగులో జవాబు రాయనివ్వాలన్నది నా పట్టుదల. పేరా ఇంగ్లీషులోనే ఉండాలి, కొత్తదై ఉండాలి, సారం తెలుగులో రెండు వాక్యాలు. గైడు ముందే రాసిపెట్టలేని ప్రశ్న అది. 2020 నుంచి మిగతా సబ్జెక్టుల పుస్తకాలు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన అచ్చువేసి ఇస్తున్నప్పుడు, ఇంగ్లీషు పేపరులో ఈ పాటి చోటు ఇవ్వడం కష్టమేమీ కాదు.

హొళగుంద వైపు దీనికి ఇంకో చిక్కు ఉంది. అక్కడి పల్లెల్లో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలున్నారు, తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలున్నారు. వాళ్లకు తెలుగే బడి భాష. దేవరగట్టులో బన్ని ముగిశాక బసవన్న గుడి దగ్గర పూజారి చెప్పే కార్ణికాన్ని, అంటే భవిష్యవాణిని, వాళ్లు చిన్నప్పటి నుంచి వింటారు. వానలు, పంటలు, ధరల గురించి చెప్పే ఆ పొట్టి మాటల్లో ఈ ఏడు పత్తి వెయ్యాలా, జొన్న వెయ్యాలా అని పెద్దలు అర్థం తీస్తుంటే పక్కనే కూర్చుంటారు. ఆ పిల్లల సారం వాక్యం ఏ భాషలో ఉన్నా తీసుకోవాలి. దిద్దేవాళ్లకు కన్నడం, లంబాడీ వచ్చి ఉండాలి. ఆ మండలాల్లో అలాంటి మేష్టర్లను వెయ్యడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని.