శాల పేరు ధరించిన మూడు వృక్షాలు

జపాను బౌద్ధారామాల ప్రాంగణాలలో 'శార' అనే పేరుతో గౌరవం పొందే వృక్షం ఒకటి ఉన్నది. జూన్ మాసపు వానలలో అది తెల్లని పూలు పూస్తుంది. ఒక్కొక్క పువ్వు ఒక పగలు మాత్రమే నిలిచి, పూర్తిగా వాడకముందే నాచుపై రాలుతుంది. శరత్తులో ఆకులు నారింజ, ఎరుపు వన్నెలకు తిరుగుతాయి. క్యోటోలోని మ్యోషిన్‌జీ ఆరామానికి చెందిన తోరిన్‌ఇన్ ఈ పూల దర్శనానికి ప్రసిద్ధి. 'హైకే మోనోగతారి' కావ్యారంభంలో అనిత్యతకు గుర్తుగా నిలిచినది శాలపుష్పమే. అయితే ఆరామాలలో ఆ పేరుతో పెరుగుతున్నది శాల కాదు; తేయాకు కుటుంబానికి చెందిన స్టువార్టియా సూడోకామెలియా.

శ్రీలంకలో పరిస్థితి మరింత విచిత్రం. అక్కడి విహారాలలో 'సల్' పేరుతో పెరుగుతున్నది దక్షిణ అమెరికా వృక్షమైన నాగలింగం. అది 1881లో పేరాదెనియ ఉద్యానానికి వచ్చింది. థాయిలాండు విహారాలలోనూ దానినే శాలగా భావిస్తారు. ఆ పువ్వునే మన దేశంలో పడగ నీడన ఉన్న లింగంగా దర్శించి శివాలయాలలో పెంచుతారు. ఒకే పువ్వును రెండు మతాలు రెండు పురాతన గాథలకు ముడివేశాయి. ఆ రెండు గాథలు పుట్టిననాడు ఆ చెట్టు ఈ ఖండంలోనే లేదు.

అసలు శాలను చూడదలచినవారు జంషెడ్‌పూర్ పరిసరాలకు వెళ్ళవలసి ఉంటుంది. సువర్ణరేఖా, ఖర్కాయి నదుల సంగమం చేరువన ఉన్న సాక్చీ గ్రామంలో ఉక్కు కర్మాగారం వెలసి, 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరు వచ్చింది. చుట్టూ ఉన్న సీమ మాత్రం శాలవనాల సీమ. చేరువలోని దల్మా కొండలపై నేటికీ ఆ అడవి ఉన్నది. లుంబినీ ప్రాంతపు తరాయి అడవులలోనిదీ ఇదే జాతి, షోరియా రొబస్టా. హో, సంతాలీ, ముండారీ భాషలలో దీని పేరు సర్జోమ్.

శాలకు వర్ణశోభ శరత్తులో రాదు. శిశిరాంతంలో ముదురాకు పసుపుబారి రాలుతుండగానే రాగివన్నె చిగురు తొడుగుతుంది. ఫాల్గుణ చైత్రాలలో లేత పసుపు పూలగుత్తులు కొమ్మలను కప్పివేస్తాయి. సంతాలులకు, హో ప్రజలకు బాహా పండుగ, ముండాలకు, ఓరావులకు సర్హుల్ అప్పుడే. పవిత్రవనంలో పూజారి శాలపుష్పాలు పంచేవరకు సంతాలీ స్త్రీలు కొత్త పువ్వు తలలో తురుమరు.

ఈ ఋతుక్రమం తెలిసినవారికి మహాపరినిబ్బాన సుత్తంలోని ఒక చిన్న మాట బరువు తెలుస్తుంది. కుసినారలోని మల్లుల శాలవనంలో జంటవృక్షాలు అకాలంలో పూచాయని అందులో ఉన్నది. థేరవాద సంప్రదాయం పరినిర్వాణాన్ని వైశాఖ పూర్ణిమ నాటిదిగా చెబుతుంది. సర్వాస్తివాదులు దానిని కార్తికంలో నిలిపారని హ్యూయన్‌త్సాంగ్ నమోదు చేశాడు. వైశాఖానికి శాల పూత ముగిసి కాయ కడుతుంది. కార్తికంలో పూతే ఉండదు. కనుక 'అకాలం' అన్న మాట రెండు సంప్రదాయాలకూ సరిపోతుంది; తిథి నిర్ణయానికి దానిని సాక్ష్యంగా పిలవడం వృథా. ఆ మాట చెప్పినవారికి అడవి తెలుసునన్నది మాత్రం స్పష్టం. నాగలింగం ఏడాదిలో ఎక్కువకాలం పూస్తూనే ఉంటుంది. దానిని శాలగా భావించి చదివే పాఠకునికి ఆ అద్భుతం అద్భుతంగానే తోచదు.

అమరావతి శిల్పాలను చదివేటప్పుడు కూడా ఇటువంటి జాగ్రత్త అవసరం. బ్రిటిష్ మ్యూజియంలోని ప్రసిద్ధ ఫలకంపై మాయాదేవి చెట్టు కింద కొమ్మ పట్టి నిలిచి ఉన్నది. శాల సహజవ్యాప్తి ఉత్తరాంధ్ర మన్యంతోనే ఆగిపోతుంది. కృష్ణాతీర శిల్పికి అది పెరటి చెట్టు కాదు. పైగా 'లలితవిస్తరం' ఆ వృక్షాన్ని ప్లక్షమనే అంటుంది. ఆకుల చెక్కడాన్ని బట్టి జాతి నిర్ణయించే ప్రయత్నాలకంటే కొమ్మ వంచిన చేతి భంగిమే బలమైన ఆధారం. శాలకొమ్మ విరిచే ప్రాచ్యదేశపు వసంతక్రీడ నుండి వచ్చిన 'శాలభంజిక' అన్న మాట తెలుగువారికి విక్రమార్కుని సింహాసనపు బొమ్మగా మిగిలింది. బొమ్మ గుర్తున్నది, చెట్టు మరుగున పడింది.

పేరు సముద్రాలు దాటినా చెట్టు దాటకపోవడానికి ప్రధాన కారణం విత్తనంలో ఉన్నదని భావించవచ్చు. బోధివృక్షపు కొమ్మను సంఘమిత్త ఓడలో సింహళానికి చేర్చినట్లు సంప్రదాయం. శాలవిత్తనానికి ఆ ఓపిక లేదు. గ్రీష్మాంతంలో రెక్కలతో గాలిలో తిరుగుతూ రాలిన గింజ మొలకెత్తే శక్తిని సుమారు వారం రోజులలోనే కోల్పోతుంది. నాటి ఓడప్రయాణానికి ఆ గడువు చాలదు. జపానుకు చేరినా అక్కడి చలిలో అది ఆరుబయట నిలువదు. దల్మా అడవి నుండి కృష్ణాతీరానికి నేడు రెండు రోజుల ప్రయాణం కూడా లేదు. ఆరామస్థలాలలో శాల నాటదలచిన సంస్థలు తొలకరికి ముందే మడులు సిద్ధం చేసుకొని, గింజ రాలిన వారంలోపే విత్తవలసి ఉంటుంది. ఇప్పటికే ఉన్న నాగలింగాలను కొట్టివేయనక్కరలేదు, వాటి కింది ఫలకంపై పేరు మారిస్తే చాలు.