సహపంక్తి గానశాల

పానశాల యన్నఁజాలు, సంస్కారప్రియులు మొగము చిట్లింతురు. అయినను న్యూయార్కు నగరపు పానశాల యొకదాని చరిత్రము మనము చదువఁదగినది. హార్లెములోని కాటన్ క్లబ్బున నల్లవారు పాడుట, తెల్లవారు వినుట యాచారమై యుండెను. అది సహింపక, చెప్పుల వ్యాపారము చేసిన బార్నీ జోసెఫ్‌సన్ 1938లో షెరిడన్ స్క్వేరున నొక నేలమాళిగలో ‘కెఫే సొసైటీ’ని నెలకొల్పెను. అచట నుభయజాతులకును సమానాసనమే.

1939లో బిల్లీ హాలిడే యచట ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాడినది. మూఁకలు చెట్లకు వ్రేలాడఁదీసిన నల్లవారిని గూర్చి యా పాట వ్రాసినవాఁడు ఏబెల్ మీరోపోల్ అను బడిపంతులు. ఆమె పాడునపుడు వడ్డన నిలిచెడిది, దీపము లాఱెడివి, మొగముపై నొక్క వెలుఁగు మాత్రమే మిగిలెడిది.

1947లో కమ్యూనిస్టను నెపమున యజమాని సోదరుని విచారణసంఘము పిలువఁగా, నతఁ డుత్తరమీయఁడయ్యెను. పత్రికలు నిందించెను, జనము వెఱచెను, కొలఁదికాలములోనే శాల మూతవడెను.

గానమును మెచ్చి గాయకుని గడప వెలుపల నిలుపు నాచారము మన యిండ్లలోను లేకపోలేదు. మద్యము మనకు వలదు. ఆ సమానాసనమైనను మన గానసభలలో వేయవలదా?