సింహం ఎవరి తాత? (జెండాల చరిత్ర - 4)



మదనపల్లె, పుంగనూరు, కుప్పం... మన వైపు ఎవరికి పెద్ద జబ్బు చేసినా వేలూరు సీఎంసీకే పోతారు. ఆ ఊళ్ళోనే, పాలారు ఒడ్డున, ఒక రాజు సమాధి ఉంది. శ్రీలంక జెండా మీది సింహం ఆయనదే.

పేరు శ్రీ విక్రమ రాజసింహ. క్యాండీ రాజ్యానికి చివరి రాజు. అసలు పేరు కన్నసామి. మధుర వైపు నుంచి వెళ్ళిన, తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశం. 1739 నుంచి క్యాండీ గద్దె వాళ్ళదే. 1815లో ఇంగ్లీషువాళ్ళు ఆయన్ను పట్టుకుని, తర్వాత వేలూరు కోటలో పెట్టారు. 1832లో ఖైదులోనే చనిపోయాడు. జెండా మాత్రం ఇంగ్లండుకు చేరింది. ఎర్ర బట్ట మీద కత్తి పట్టిన బంగారు సింహం. 1948 ఫిబ్రవరి 4న సిలోన్‌కు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఎగిరింది ఆ సింహమే.

రాజుల జెండాల మీద, ముద్రల మీద జంతువులుండటం కొత్తేమీ కాదు. చోళులది పులి, పల్లవులది ఎద్దు, మన చాళుక్యులు, కాకతీయులు, విజయనగర రాజులది వరాహం. అవి రాజుగారి సొంత గుర్తులు. జాతి గుర్తు అయ్యేసరికే చిక్కు వస్తుంది. సింహానికీ వంగ రాజకుమార్తెకూ సింహబాహువు పుట్టాడని, అతని కొడుకు విజయుడే సింహళుల మూలపురుషుడని మహావంశం చెబుతుంది. అంటే సింహం తాత! జెండా మీద తాత కూర్చున్నాక, ఆ తాతకు పుట్టనివాళ్ళ సంగతేమిటి?

జవాబు ఆ ఏడాదే వచ్చింది. 1948 పౌరసత్వ చట్టం టీ తోటల కూలీలను ఏ దేశానికీ చెందనివాళ్ళుగా మార్చింది. తమిళనాడు నుంచి తోలుకుపోయిన ఆ కూలీల్లో చాలామంది దళితులే: పరయర్లు, పళ్ళర్లు, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు. 1964లో సిరిమావో - శాస్త్రి ఒప్పందం 5,25,000 మందిని ఇండియా వాటాకు రాసింది. మనుషుల్ని గొడ్లలా పంచుకున్నారు. తెలుగు మూలాలున్న రాజుగారి సింహం పనికొచ్చింది, తెలుగు మాట్లాడే కూలీ పనికిరాలేదు.

1951లో తమిళులకూ ముస్లింలకూ గుర్తుగా కాషాయం, ఆకుపచ్చ పట్టీలు చేర్చారు. అవి సింహం గడికి బయట ఉన్నాయి. సింహం మొహం, కత్తి అటువైపే. జెండా బొమ్మ తీసి చూడండి.

ఇప్పుడు మన జెండాకు వద్దాం. 1947 జూన్‌లో రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన వేసిన జెండా కమిటీలో బాబాసాహెబ్ సభ్యుడు. సారనాథ్ స్తంభం మీద నాలుగు సింహాలుంటాయి. వాటి కింద పీఠం చుట్టూ ఏనుగు, ఎద్దు, గుర్రం, సింహం, నడుమ చక్రాలు. ఇన్ని జంతువుల మధ్యనుంచి జెండాకు తీసుకున్నది చక్రం ఒక్కటే. సింహాలు 1950లో రాజముద్రకు వెళ్ళాయి. నా లెక్కలో ఇది చిన్న విషయం కాదు. చక్రం కడుపున పుట్టామని ఏ కులమూ చెప్పుకోలేదు. అది బుద్ధుడు నడిపిన ధర్మం, ఎవరి వంశమూ కాదు.

మరి మన ఏనుగు? 1951-52 ఎన్నికల్లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ గుర్తు అదే. మాయాదేవి కలలోని తెల్ల ఏనుగు నుంచి నీలిజెండా దాకా, వచ్చే భాగంలో.

జై భీమ్.