బంధువుల ఇంట పసిబిడ్డ పడక

ఏడాది నిండని బిడ్డతో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు చేసే పడక ఏర్పాటు సొంతింటి పడకకన్నా ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. పరుపు కొత్తది, గది కొత్తది, బిడ్డను నిద్రపుచ్చే చేతులూ కొత్తవి. తెలుగు కుటుంబాల్లో ఇది అరుదుగా వచ్చే అవసరం కాదు. పురుడు పుట్టింట్లో జరుగుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలను అత్తవారింటికి పంపుతారు. నడుమ పెళ్ళిళ్ళు, సంక్రాంతులు ఉండనే ఉంటాయి. కారణం తెలియకుండా నిద్రలోనే శిశువు చనిపోయే ఘటనలు ఎక్కువగా రెండు నుంచి నాలుగు నెలల వయసులోనే జరుగుతాయి. నూటికి 90 వరకు ఆరు నెలల్లోపువే. అంటే బిడ్డ ఇళ్ళు మారే నెలలే ఎక్కువ ముప్పున్న నెలలు కూడా.

ఆకస్మిక శిశు మరణం అన్న పేరు వైద్యంలో 1969లో స్థిరపడింది. బిడ్డను బోర్లా పడుకోబెట్టడానికీ ఈ మరణాలకూ సంబంధం ఉందని తేలాక 1991లో బ్రిటన్‌లో, 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని పెద్దఎత్తున ప్రచారం జరిగింది. తర్వాతి ఏళ్ళలో అమెరికాలో ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. మెత్తటి పరుపులో ముఖం కూరుకుపోతే బిడ్డ తాను వదిలిన గాలినే తిరిగి పీలుస్తుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోతుంది. చాలామంది పిల్లలు ఉలిక్కిపడి తల తిప్పుకుంటారు. కొందరిలో ఆ మెలకువ రాదు. ఎవరిలో రాదో ముందుగా కనిపెట్టే పరీక్ష లేదు కనుక జాగ్రత్త అందరికీ వర్తిస్తుంది.

బంధువుల ఇంటికి ప్రత్యేకంగా సంబంధించిన సంగతి ఒకటుంది. రోజూ వెల్లకిలా పడుకునే బిడ్డను తెలియనివారు ఒక్కపూట బోర్లా వేస్తే ముప్పు చాలా రెట్లు పెరుగుతుందని న్యూజీలాండ్, కాలిఫోర్నియా అధ్యయనాలు చూపాయి. ఎప్పుడూ బోర్లా పడుకునే బిడ్డకన్నా అలవాటులేని బిడ్డకే ఎక్కువ ప్రమాదం. అందుకే ‘కాసేపు నేను చూస్తాలే, నువ్వు పడుకో’ అనే పిన్నికో మేనత్తకో ఈ ఒక్క విషయం ముందే చెప్పి తీరాలి. పెద్దవాళ్ళ అభ్యంతరం సాధారణంగా ఒకటే: వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్ననాళం కింద ఉంటాయి. కక్కిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉన్నప్పుడే ఆ దారి పల్లమవుతుంది. పక్కకు పడుకోబెట్టడమూ మంచిది కాదు, బిడ్డ తేలిగ్గా బోర్లా పడిపోతుంది.

తొట్టి లేని ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన పడక నేలే. చాప వేసి, దానిమీద పలచని బొంత ముడతలు లేకుండా పరిస్తే చాలు. చేత్తో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయే బూరుగుదూది పరుపు పనికిరాదు. వదులైన నులకమంచం నడుమ కుంగుతుంది. గోడవారగా జరిపిన పెద్దల మంచం, దాని అంచున పేర్చిన దిండ్లు చూడటానికి భద్రంగా కనిపిస్తాయి గానీ, గోడకూ పరుపుకూ మధ్య సందు ఒక ప్రమాదం, దిండ్లు మరొకటి. సోఫాలో బిడ్డను ఎత్తుకుని కునుకు తీయడం వీటన్నిటికన్నా అపాయకరం. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా నిద్రలో వద్దు. మెలకువగా ఉన్నప్పుడు పెద్దల ఎదుట కాసేపు బోర్లా ఆడిస్తే ఆ పని జరుగుతుంది.

చీర ఉయ్యాలను ఒక్క మాటతో కొట్టిపారేయలేం. తరాలుగా ఏడుపు మాన్పిన సాధనం అది. అయితే అందులో బిడ్డ వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, సన్నని శ్వాసనాళం నొక్కుకుంటుంది. ఎదురుగా కూర్చుని ఊపేటప్పుడు సరే, రాత్రంతా పడకగా కాదు. ఖాళీగా వేలాడే చీరలో ఇంట్లోని పెద్దపిల్లలు ఎక్కి తిరిగితే అది మెడకు మెలిపడవచ్చు, కాబట్టి పని అయ్యాక ముడి విప్పేయాలి. కారు సీట్లో నిద్రపోయిన బిడ్డ గడ్డం కూడా అలాగే వంగుతుంది. ఇల్లు చేరగానే చదునైన పడక మీదికి మార్చాలి.

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో చిక్కు వేరు. అన్నావదినలు తమ పిల్లలకు వాడి దాచిన పాత తొట్టిని ఆప్యాయంగా తీసి ఇస్తారు. పక్కతలుపు కిందికి జారే తొట్ల అమ్మకాన్ని అక్కడ 2011లో నిషేధించారు. పది డిగ్రీలకన్నా ఎక్కువ వాలున్న శిశు పడకలను, తొట్టి చుట్టూ కట్టే మెత్తలను 2022 చట్టం నిషేధించింది. కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు. మడిచి పట్టుకెళ్ళే తొట్టి అయితే దానితో వచ్చిన పలచని పరుపే వాడాలి. గట్టిగా ఉందని జాలిపడి పైన మరో బొంత వేయకూడదు.

కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ విడి పడక మీద బిడ్డను ఉంచాలన్నది అమెరికా శిశువైద్యుల సంఘం సలహా. పెళ్ళివారి విడిదిలో వరుసగా పరిచిన పరుపుల మీద ఇది కష్టమే. అప్పుడు బిడ్డ చాపను వరుస చివర, తల్లి పక్కన వేసి, అవతలి వైపు ఎవరూ లేకుండా చూడాలి. మద్యం తాగినవారు, మత్తునిచ్చే మందులు వేసుకున్నవారు, పొగతాగేవారు ఆ పక్కన పడుకోకూడదు. నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డ విషయంలో ఈ పట్టింపు మరింత అవసరం.

దోమలకు తెరే మేలు, బిగుతుగా, ముఖానికి తగలకుండా. దోమల చుట్ట, సాంబ్రాణి పొగ నిండిన గదిలో బిడ్డను పడుకోబెట్టకూడదు. సంక్రాంతి చలికి ఉన్నిటోపీ, రెండు దుప్పట్లు కప్పాలని ఇంటిల్లిపాదికీ తోస్తుంది. ఒళ్ళు వేడెక్కడమూ ముప్పే. పెద్దలకన్నా ఒక్క పొర ఎక్కువ బట్ట చాలు, నిద్రలో టోపీ తీసేయాలి. మెడలోని దిష్టితాడు, గొలుసు రాత్రికి విప్పాలి.

సుమారు నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు పిల్లలు దొర్లడం మొదలుపెడతారు. ఆ సూచన కనిపించగానే గుడ్డలో చుట్టి పడుకోబెట్టడం ఆపాలి. వెల్లకిల నుంచి బోర్లాకు, మళ్ళీ వెల్లకిలకు తనంతట తాను తిరగగలిగిన బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాక, నిద్రలో బోర్లా తిరిగినా లేచి సర్దనక్కరలేదు.