మంచు దీవుల్లో మన రాగులు

అట్లాసులో నార్వే దేశానికి ఇంకా పైన, ఉత్తర ధ్రువానికి దగ్గరగా కొన్ని దీవులు కనిపిస్తాయి. వాటి పేరు స్వాల్బార్డ్. ఇవి 74 నుండి 81 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. మన గౌనిపల్లి 13, 14 డిగ్రీల మధ్య ఉంది. అంత దూరం తావుకు మనకు ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే నేను రెండు చెప్తాను: ఒకటి గని, రెండోది రాగి గింజ.

ఈ దీవుల విస్తీర్ణం సుమారు 61,000 చదరపు కిలోమీటర్లు. సగానికి పైగా నేల మంచు కిందే ఉంటుంది. అన్నిటికంటే పెద్ద దీవి స్పిట్స్‌బెర్గెన్. చలికాలంలో సుమారు నాలుగు నెలలు అక్కడ సూర్యుడు కనపడడు. ఎండాకాలంలో సుమారు నాలుగు నెలలు అస్తమించడు. పెద్ద చెట్లు పెరగవు. తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి.

1596లో డచ్ నావికుడు విల్లెం బారెంట్స్ ఈ దీవులను చూశాడు. తర్వాత నూనె కోసం తిమింగలాలను వేటాడేవాళ్లు వచ్చి, వాటిని దాదాపు లేకుండా చేసేశారు. 1906లో లాంగ్‌ఇయర్ అనే అమెరికా వ్యాపారి బొగ్గు గని ఊరు కట్టాడు. దాన్నే ఇప్పుడు లాంగ్‌ఇయర్‌బైన్ అంటారు. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో జరిగిన ఒప్పందం వల్ల ఈ దీవులు నార్వేకు చెందాయి.

అక్కడే నీ-ఓలెసున్ అని ఇంకో గని ఊరు ఉంది. 1962లో గనిలో ప్రమాదం జరిగి 21 మంది చనిపోయారు. మరుసటి సంవత్సరం గని మూసేశారు. కానీ ఊరిని వదిలిపెట్టలేదు, పరిశోధన కేంద్రంగా మార్చారు. 2008 జూలై 1న మన దేశం కూడా అక్కడ ‘హిమాద్రి’ కేంద్రాన్ని తెరిచింది.

మన కె.జి.ఎఫ్.లో 1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఇప్పుడు సైనైడ్ దిబ్బలు మిగిలాయి. వేలమంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. గని మూతపడినా ఊరికి వేరే పని ఇవ్వవచ్చని నీ-ఓలెసున్ చూపించింది. కె.జి.ఎఫ్.కూ అట్లాంటి ఆలోచన చేయాలి కదా?

ఇంక రాగుల సంగతి. మన పెద్దలు రాగులను నేలలో పాతర వేసి దాచేవాళ్లు. స్వాల్బార్డ్‌లో కొండను తొలిచి ప్రపంచమంతటికీ కట్టిన ఒక పాతరను 2008 ఫిబ్రవరి 26న తెరిచారు. అందులో మైనస్ 18 డిగ్రీల చలిలో విత్తనాలు దాస్తారు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలతో పాటు రాగి విత్తనాలు కూడా అక్కడికి పంపింది. సిరియాలో యుద్ధం వల్ల అలెప్పో దగ్గరి విత్తన కేంద్రం పనిచేయలేకపోయినప్పుడు, 2015లో ఆ సంస్థవాళ్లు ఈ పాతర నుండే తమ గింజలు వెనక్కి తీసుకుని మళ్లీ పండించారు.

మా వైపు చాలా చేలు మామిడి తోటలు, టమాటా తోటలు అయిపోయాయి. మంచులో దాచిన గింజ చాలా కాలం చెడిపోదు గానీ, దాన్ని ఎప్పుడు విత్తాలో, ఎట్లా కలుపు తీయాలో తెలిసినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మీ ఇంట్లో నాటు రాగులుంటే ఒక సేరన్నా విత్తనానికి ఉంచండి. ఎట్లా పండించాలో అవ్వను, తాతను అడిగి నోట్‌బుక్కులో రాసుకోండి.