నీరు నిలువని నేలను వెదకిన దుంప

గోదావరి కాలువ వెంబడి సామర్లకోటకు వచ్చి, అచ్చటనుండి పెద్దాపురము మీదుగా మెట్టకు నడచిపోవు బాటసారికి, కొలది క్రోసుల వ్యవధిలోనే వరిమళ్లు వెనుకబడి ఎఱ్ఱ గరపనేలలు ఎదురగును. ఆ నేలలమీద, చాచిన అరచేతులవంటి ఆకులతో, నిలువెత్తు కాండములతో, కర్రపెండలము వరుసలు తీరి నిలిచియుండును. ఒకే సీమలో, ఒకే వానక్రింద, ఒక పంట పల్లమును, వేఱొక పంట మెట్టను పట్టుకొనియుండుటకు కారణమును ధరలలో వెదకువారు కలరు. నేను నీటిలో వెదకుదును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి డెల్టా రైతునకు కాలువనీరే కలిమియైనది; పెండలపు రైతునకో, చేనిలో కొన్ని దినములు కదలక నిలిచిన నీరు ఏడాది కష్టమును హరించుటకు చాలును. ఈ దుంప చరిత్రను చెప్పువారు దాని అనావృష్టి సహనమును పొగడుదురేగాని, ఖండము వెంట ఖండముగా అది నడచిన దారియంతయు నీరు నిలువని నేలను వెదకుకొనుచు నడచినదేయన్న సంగతిని అంతగా పట్టించుకొనరు.

నెలల తరబడి వాన లేకున్నను ఈ మొక్క ఆకు రాల్చి, ఉన్న కొద్దిపాటి తేమతో ప్రాణము నిలుపుకొని, చినుకు పడగనే మరల చిగుర్చును. పులుపెక్కిన పేదనేలలోను దుంప ఊరును. ఇంతటి మొండి మొక్క నిలువనీటి యెదుట మాత్రము నిస్సహాయము. మట్టి రేణువుల సందులలో మామూలుగా గాలి మెలగుచుండును. వానకు ఆ సందులు నిండి, నీరు క్రిందికి దిగు దారి లేనియెడల, ప్రాణవాయువు వేళ్లకు అందదు. ఏలయన నీటిగుండ ఆ వాయువు వ్యాపించు వేగము గాలిగుండ వ్యాపించు వేగములో ఇంచుమించు పదివేలవ వంతు మాత్రమే. మిగిలిన కొంచెమును మట్టిలోని సూక్ష్మజీవులు ఒకటి రెండు దినములలోనే కాజేయును. వరికైతే ఆకునుండి వేరువఱకు గాలిని దింపుకొను మార్గములు లోపలనే కలవు. పెండలమునకు ఆ సదుపాయము చాలినంత లేదు. కాండపు మొదట కొత్త వేళ్లు పుట్టించుకొనుటకు, బెరడుమీద తెల్లని పొక్కులు పొడమించి గాలి పీల్చుటకు అది కొంత యత్నించును గాని, ఆ యత్నము దుంపను కాపాడునంతటిది కాదు. చోద్యమేమనగా, మోకాలిలోతు నీటిలో నిలిచిన మొక్క దప్పిగొన్నదానివలెనే వాడును. ఊపిరాడని వేళ్లు నీటిని పైకి తీయజాలవు. నాటిన తొలి మూడు నెలలలో, వేళ్లలో కొన్ని దుంపలుగా మారు అదనున ఈ ఆపద వచ్చెనేని దుంపల సంఖ్యయే తగ్గిపోవును. దుంప ఊరిన పిదప వచ్చెనేని, ఫైటాఫ్తొరా, పిథియమ్ మొదలగు తెగుళ్ల జీవులు తడిలో చొరబడి కండను కుళ్లించును. పైతోలు చెక్కు చెదరక యుండగనే, చీల్చి చూచినచో లోపలి తెల్లని కండ గోధుమవన్నె చారలతో మెత్తబడి, పులిసిన కంపు కొట్టుచు, వ్రేళ్ల నడుమ నీళ్లుగా జారును. కుళ్లక మిగిలిన దుంపకైనను నష్టము తప్పదు: నీరు తీసిన పిమ్మట మొక్క కొత్త ఆకులు తొడుగుకొనుటకు, దాచియుంచిన పిండినే తిరిగి ఖర్చు పెట్టును.

ఈ స్వభావమును మనుష్యులు ఎంత పూర్వమే గుర్తించిరో తెలుపు నిదర్శనము ఒకటి ఎల్ సాల్వడార్ దేశమున దొరికినది. అచ్చటి హోయా దె సెరెన్ అను పల్లె సుమారు పదునాలుగు శతాబ్దుల క్రిందట అగ్నిపర్వతము చిమ్మిన బూడిదలో ఉన్నది ఉన్నట్లుగా పూడిపోయి, 1976లో బయల్పడినది. కొలరాడో విశ్వవిద్యాలయపు పురాతత్త్వవేత్త పేసన్ షీట్స్ బృందము 2007లో ఆ పల్లె చేరువను త్రవ్వగా, మొక్కలు క్రుళ్లి నశించిపోగా బూడిదలో మిగిలిన ఖాళీలు కానవచ్చెను. వానిలో ప్లాస్టరు పోసి తీయగా కర్రపెండలపు దుంపలు, కాండములు తమ రూపముతోనే వెలువడినవి. ఆ చేలలో నన్ను ఆకర్షించినది దుంపకంటె బోదెల వరుస. మొక్కజొన్న బోదెలను ఆ రైతులు వాలునకు అడ్డముగా తీసిరి, వాననీరు ఆగి ఇంకుటకు; పెండలపు బోదెలను వాలు వెంబడి, మొక్కజొన్న బోదెలకంటె ఎత్తుగా తీసిరి, నీరు జారిపోవుటకు. వ్రాతలో శాస్త్రము మిగుల్పని ఆ రైతులు నేలమీద పారతో వ్రాసిపెట్టిన వ్యవసాయశాస్త్రమిది.

దుంప పుట్టినిల్లు అమెజాన్ పరీవాహమునకు దక్షిణపు అంచున నున్నదని పండితులు నిర్ణయించిరి. ఆ పరీవాహమున అమెజాన్ నది ఏటేట పలు నిలువుల ఎత్తు పొంగి తన మైదానమును ముంచివేయును. అందుచేత నదివార జనులు రెండు విధముల పెండలమును పెంచుకొనిరి. వరద యెక్కని ఎత్తునేలలో ఏడాదికిని పైబడి నిలువగల రకములు. వరద దిగిన ఒండ్రులో ఆరేడు నెలలకే త్రవ్వుకొనదగిన తొందర రకములు. నీరు తలుపు తట్టకముందే దుంప ఇల్లు చేరవలెను. ఫ్రెంచి గయానా తీరపు తంపరలలోనైతే, ఐరోపావారు రాకపూర్వమే జనులు తడినేలలో మట్టిని గుట్టలుగా పోసి, వేనవేల చిన్న దిబ్బలమీద మొక్కజొన్నను, గుమ్మడిని, పెండలమును పండించిన జాడలు నేటికిని ఆకాశమునుండి చూడగా కనబడుచున్నవి. తొందరగా త్రవ్విన చేదు దుంపలను అమెజాన్ నదివార జనులు నాలుగైదు దినములు నీటిలోనే నానవేయుదురు. పులిసి మెత్తబడిన దుంపలోని విషము తొలగగా, పిండి నొక్కి వేయించి నిలువచేయుదురు. బ్రదికియున్న మొక్క మొదట నిలిచి దానిని చంపు నీరే, త్రవ్వి తీసిన దుంపను మనుష్యుడు తినదగినదానిగా చేయుచున్నది.

పోర్చుగీసువారి ఓడలమీద ఈ కాండపు ముక్కలు పదునేడవ శతాబ్దమున మలబారు తీరమును చేరెను. చేరిన రెండు వందల యేండ్లవఱకు అది పెరటి మొక్కగనే యుండి, 1880 మొదలు 1885 వఱకు తిరువాన్కూరును ఏలిన విశాఖం తిరునాళ్ రామవర్మ మహారాజు కాలమున పంటయైనది. ఆయన వృక్షశాస్త్రమునందు అభిరుచిగల విద్యావంతుడు. దుంప విషమని జనులు జంకుచుండగా, దానిని వండించి తన భోజనపు పళ్లెములోనే వడ్డించుకొనెనని అచ్చటివారు చెప్పుకొందురు. కథ నిజమగునో కాదో గాని, రాజు పూనికకంటె ఆ దేశపు నేలతీరే ఈ పంటకు ఎక్కువ తోడ్పడినదని నా తలంపు. తిరువాన్కూరున తూర్పున కొండలు, నడుమ తుప్పురాతి మెట్టలు, పడమట కాయలులనబడు వెనుకనీటి సరస్సులు. ఆ నడిమి మెట్టల ఎఱ్ఱని రంధ్రమయమైన నేల ఎంత వాననైనను తనలోనికి దింపివేయును. నీరు పట్టని ఆ గుట్టలపై వరి పండదు. వరికి పనికిరాదని విడిచిన నేలయే దుంపకు స్వస్థానమైనది.

జూన్ తొలి దినములలో దిగు నైరుతి వానకు ముందుగా, ఏప్రిల్, మే నెలలలో అచ్చట కాండపు ముక్కలను నాటుదురు. తులావర్షమనబడు ఈశాన్యపు వాన అదను నాటి సెప్టెంబరు, అక్టోబరులలో రెండవ నాటు. జానెడు ముక్కను రెండు అంగుళములు మాత్రమే నేలలో దిగునట్లు నిలువుగా గ్రుచ్చుట, చెట్టునకు చెట్టునకు గజమంత ఎడముంచుట అందఱికిని సమానమే. నేలను బట్టి మారునది నాటుపడు మట్టియొక్క ఆకారము. నీరు తేలికగా దిగు చోట చదునుగనే నాటుదురు. వాలుమీద వాలునకు అడ్డముగా బోదె తోలుదురు. నీరు నిలుచునన్న అనుమానము గల చోట పారతో మట్టిని గంపెడు గంపెడుగా కూర్చి, అడుగెత్తు కుప్పపోసి, దాని నెత్తిన నాటుదురు. చెట్టొక్కింటికి కుప్పయొక్కటి చొప్పున ఎకరమంతయు కూర్చుటకు పట్టు కూలిని తలచుకొన్నచో, తడినేలలో దుంప ధర ఎంత భాగము చెమటకే పోవునో తెలియగలదు.

సముద్రమట్టమునకు దిగువనున్న కుట్టనాడులో సైతము కాయలుల గట్లమీద కొబ్బరికిని అరటికిని నడుమ పెండలము నాటిరి. గట్టు వెడల్పే దానికి పొలిమేర. వరిమడులలోనికి అది దిగినది వేఱొక విధమున: కోత అయిన పిదప మడిని కట్టలుగా ఎగదోసి నాటి, మరల నైరుతి వాన మడిని నింపకముందే త్రవ్వివేయుట. ఇందుకు పది నెలల రకములు పనికిరావు. 1963లో తిరువనంతపురమునకు చేరువనున్న శ్రీకార్యమున వెలసిన కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ 1971లో హెచ్-97, హెచ్-165, హెచ్-226 సంకరములను విడుదల చేసి, తరువాతి దశాబ్దులలో శ్రీప్రకాశ్, శ్రీజయ, శ్రీవిజయ మొదలగు ఆరేడు నెలల రకములను ఇచ్చినది. అమెజాన్ ఒండ్రుమీది రైతు చేసిన పనినే ఇక్కడ ప్రయోగశాల చేసినది. తొందరించుటయే నీటికి విరుగుడని ఇరువురును కనుగొనిరి.

ఈ దుంప తిరువాన్కూరు ప్రాణమును నిలిపిన ఘట్టమును చెప్పక తీరదు. 1942లో జపాను సేనలు బర్మాను పట్టుకొనగా, అచ్చటి బియ్యముమీద ఆధారపడియున్న ఆ రాజ్యమునకు ఒక్కసారిగా అన్నము తెగిపోయెను. కూలివాని యింట ఉడికించిన దుంప, చేపపులుసు పూటకూడైనది. కరవుకు తాళలేక, నేలకు ఆశపడి, వేలకొలది తిరువాన్కూరు కుటుంబములు ఉత్తరమున మలబారు కొండలకు, వయనాడు అడవులకు వలసపోయి, చెట్లు నఱికి మంటపెట్టి, ఆ బూడిద వాలుమీద మొట్టమొదట నాటినది పెండలమే. కొండవాలు నీటిని నిలువనీయదు, నిజమే. కాని నీటితోపాటు మట్టిని కూడ నిలువనీయదు. గజమెడముగా నాటిన మొక్కలు నేలను కప్పుకొనుటకు మూడు నెలలు పట్టును, ఆ మూడు నెలలే వాన మూడు నెలలు. పైపొర కొట్టుకొనిపోయి, కొన్నేండ్లకు దిగుబడి పడిపోగా, ఆ వాలులు రబ్బరునకు చేరెను. నిలువనీటిని తప్పించుకొన్న రైతు పారునీటి చేతికి చిక్కెను. 1970 దశకపు నడుమ మూడు లక్షల హెక్టార్లు దాటిన కేరళపు పెండలము పిదప ఏటేట తగ్గుచు వచ్చినది. రేషను బియ్యము, రబ్బరు ధర అందులకు ముఖ్య కారణములైనను, సారము కోల్పోయిన వాలుల వంతు కూడ కొంత కలదు.

కూడుగా నుండిన దుంపను సరకుగా మార్చినది సేలము. 1943లో మాణిక్యం చెట్టియారు అను వర్తకుడు, పెనాంగునుండి తిరిగివచ్చిన పోపట్‌లాల్ షాతో కలిసి, దిగుమతి నిలిచిపోయిన సగ్గుబియ్యమును పెండలపు పిండితో చేయనారంభించెను. వాన తక్కువ, ఎఱ్ఱనేల ఎక్కువయైన సేలములో నీరు నిలుచుట బాధ కాదు, నీరు చాలకపోవుటయే బాధ. కావున ఈ కథలో దాని పాత్ర స్వల్పము.

గోదావరి మెట్ట అట్లు కాదు. పెద్దాపురము, రంగంపేట, జగ్గంపేట ప్రాంతముల గరపనేలలు నీటిని చక్కగా దింపునవే గాని, ఆ మెట్టయందును ఏలేరువంటి వాగులు త్రొక్కిన పల్లములు, చెరువుల దిగువ జిగురునేలలు కలవు. పైగా బంగాళాఖాతపు తుపానులు ముఖ్యముగా అక్టోబరు, నవంబరులలో, అనగా తొలకరి అదనున నాటిన దుంప ఊరుచున్న వేళనే వచ్చును. దుంపకు నేలయే గాదె; ధర లేనినాడు త్రవ్వక విడిచినను నెలల తరబడి చెడదు. త్రవ్విన దుంప మాత్రము రెండు మూడు దినములలోనే లోపల నీలిచారలు కట్టి మిల్లునకు పనికిరాకుండ పోవును. తుపాను నీరు చేనిలో నిలిచెనా, ఆ గాదె తలుపులు బలవంతముగా తెఱచినట్లే. ఊరివారందఱు ఒక్కమారే త్రవ్వి బండ్లకెత్తుదురు, సామర్లకోట, పెద్దాపురపు మిల్లులు ఒక్కమారే అంత సరకును ఆడజాలవు, పుట్టి లెక్కన పలుకు ధర కుంగును, పిండి తక్కువని మఱికొంత కోత పడును. దిగుబడి నష్టమును లెక్కించునపుడు కుళ్లిన దుంపనే తూచి, ఈ తొందరపాటు అమ్మకపు నష్టమును విడిచివేయుట సర్వసాధారణము. నాకు మాత్రము రెండవదే పెద్దదిగా తోచును.

అనుభవశాలియైన రైతు వానకు ముందే బోదె తోలి, పల్లపు మూలకు కాలువ తీసి, గండి కొట్టి యుంచును. ఆ గండినీరు ఎచ్చటికి పోవలెను? ప్రక్కవాని చేనిలోనికే, అందుండి తగవు. నీటిని తెచ్చు కాలువకు లస్కరు కలడు, వంతు కలదు, శిస్తు కలదు. నీటిని తీసికొనిపోవు బోదెకు ఎవడును లేడు. 1960 దశకమున కృష్ణా గోదావరి డెల్టాల మురుగును పరిశీలించిన మిత్రా కమిటీ ఆ వరిభూములకైన మురుగుకాల్వల ఆవశ్యకతను లెక్కలతో తేల్చినది. మెట్ట చేల మురుగు డెల్టా లెక్కలలోనిది కాదు. అది నేటికిని గట్టు తగవులలోను, కౌలు బేరములలోను తేలవలసినదే. అందుచేతనే పెండలపు చేను కౌలునకు తీసికొను తెలివిగలవాడు మట్టి రంగును చూచుటకు ముందు, వర్షాకాలపు నీరు ఆ చేనినుండి ఏ మూలగా బయటకు పోవునని, పోయి ఎవరి చేనిలో పడునని విచారించును.